నీళ్ల మొండితనం

కోకోపీట్ ఇటుకను బకెట్లో వేసి నీళ్లు పోసి, ఓ పావుగంట వేరే పని చూసుకుని వస్తే, అడుగున పడుకున్న ఇటుక అంచుదాకా పొంగి కూర్చుని ఉంటుంది. 650 గ్రాముల ఇటుక నాలుగైదు లీటర్ల నీళ్లు తాగి ఎనిమిది తొమ్మిది లీటర్ల పొట్టవుతుంది. గుప్పెడు తీసి పిండితే వేళ్ల సందుల్లోంచి పల్చటి డికాక్షన్ రంగులో నీళ్లు కారతాయి. ఆ నీళ్లలో పీహెచ్ మీటరు ముంచి, 6.2 అని చూసి, "ఇంకేం, భేషుగ్గా ఉంది" అనుకుని టమాటా నారు నాటేసిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. పైగా, ఓ విదేశీ తోటపని పుస్తకంలో చదివిన జ్ఞానం కొద్దీ కుండీకి రెండు చెంచాల డోలమైట్ సున్నం కూడా కలిపాను.

ఐదు వారాలకు లేత ఆకులు పసుపు తిరిగాయి. ముదురాకులు బాగానే ఉన్నాయి. లేత ఆకుల్లో ఈనెలు మాత్రం పచ్చగా నిలిచి, వాటి మధ్య భాగమంతా పాలిపోయి, పసుపు కాగితం మీద పచ్చ సిరాతో వల గీసినట్టు కనిపించింది. మొక్కకు ఇనుము అందడం లేదనడానికి ఇంతకంటే స్పష్టమైన గుర్తు ఉండదు. మీటరు మళ్లీ ముంచాను. 7.6.

అదే పొట్టు, అదే కుండీ. 6.2 కాస్తా 7.6 ఎలా అయింది? ఇందులో ముద్దాయిలు ఇద్దరు. ఒకరు ఆ సున్నం. రెండో ముద్దాయి రోజూ నా చేత్తో నేను పోసిందే.

ముందు సున్నం సంగతి. పుస్తకం తప్పు చెప్పలేదు. అది మాట్లాడింది పీట్ గురించి. చలిదేశాల చిత్తడి నేలల్లో స్ఫాగ్నమ్ అనే నాచు వేల ఏళ్లుగా పొరలు పొరలుగా పేరుకుని సగం కుళ్లి మిగిలిన పదార్థం అది. మంచి పులుపు, పీహెచ్ 3.5 నుంచి 4.5 మధ్య ఉంటుంది. దాన్ని కుండీలో వాడాలంటే సున్నం కలపక తప్పదు. మన కొబ్బరి పొట్టు చూపుకు, పట్టుకు దానిలా ఉంటుంది, నీళ్లు దానిలాగే పట్టి ఉంచుతుంది కాబట్టి వ్యాపారులు కోకోపీట్ అని పేరు పెట్టారు. పోలిక అక్కడితో సరి. కొబ్బరి పొట్టు పీహెచ్ మామూలుగా 5.5 నుంచి 6.8 దాకా ఉంటుంది. కుండీ మొక్కలకు కావలసిందీ అటూ ఇటూగా అదే, 5.5 నుంచి 6.5. సున్నం వేయాల్సిన అవసరమే లేనిచోట వేశాను. పేరు అరువు తెచ్చుకున్న పాపానికి మందు కూడా అరువు తెచ్చుకున్నట్టయింది.

మరి కొబ్బరి పొట్టుకు అసలు జబ్బే లేదా అంటే, ఉంది. అది పులుపు కాదు, ఉప్పు.

కోనసీమలో అంబాజీపేట వైపు వెళ్లినవాళ్లు పీచు మిల్లుల పక్కన గోధుమరంగు గుట్టలు చూసే ఉంటారు. డొక్కల్లోంచి పీచు లాగేశాక రాలిన పొట్టు అది. పీచు తాళ్లకు, పరుపులకు పోయేది; పొట్టు మాత్రం ఏళ్ల తరబడి ఎవరికీ పట్టని చెత్త. లిగ్నిన్ ఎక్కువ కావడంతో తొందరగా కుళ్లదు. కర్బనానికీ నత్రజనికీ ఉన్న నిష్పత్తి వందకు పైమాటే కాబట్టి పచ్చిగా పొలంలో వేస్తే సూక్ష్మజీవులు దాన్ని అరిగించుకోవడానికి నేలలోని నత్రజనినే లాగేసుకుంటాయి. తోటపనికి పనికొస్తుందని తేలాక ఇప్పుడదే ఇటుకలుగా మారి నౌకలెక్కుతోంది, కడియం నర్సరీలకూ మన మిద్దె తోటలకూ వస్తోంది.

ఆ పొట్టులో ఉప్పు ఎక్కడిది? కొబ్బరి చెట్టు సముద్రపు గాలి పీల్చి పెరిగే జీవి. పొటాషియం, క్లోరిన్ అంటే దానికి ప్రీతి. సోడియం ఉన్నా సర్దుకుపోతుంది. ఈ మూడూ డొక్కలోకి చేరతాయి. డొక్కల్ని ఉప్పుటేరు నీళ్లలో నానబెడితే ఇంకొంత చేరుతుంది. రెండు మూడు వానాకాలాలు తడిసిన పాత గుట్టలోని పొట్టుకీ, నిన్నటి పొట్టుకీ తేడా అందుకే. వాన ఊరికే కడిగిపెడుతుంది.

ఇంట్లో మనమూ కడగవచ్చు. నానబెట్టి, పిండి, నీళ్లు పారబోసి, మళ్లీ నానబెట్టి, రెండు మూడు సార్లు. చవక ఈసీ (విద్యుత్ వాహకత) మీటరు ఒకటి ఉంటే నీళ్లలోని లవణాలు తగ్గుతుండటం కళ్లతో చూడొచ్చు. అంకె 0.5 కిందికి దిగిందంటే ఉప్పు పోయిందనుకుంటాం. కానీ పోయింది సగం ఉప్పే.

పండక్కి ఊరెళ్లే బస్సు స్టాండులోకి వస్తుంటే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకునే జనం మనకు కొత్తేమీ కాదు. పొట్టు రేణువు అలాంటి బస్సు. దాని నిండా రుణావేశం ఉన్న చోట్లుంటాయి. లిగ్నిన్‌లోనూ దాని చుట్టుపక్కల ఆమ్ల స్వభావం ఉన్న అణువుల్లోనూ ఉండే ఆ చోట్లే సీట్లు. ధనావేశం ఉన్న అయాన్లు వచ్చి వాటిలో కూర్చుంటాయి. మిల్లు దగ్గరే పొటాషియం, సోడియం తువ్వాళ్లు వేసేసి ఉంటాయి. మనం మామూలు నీళ్లతో కడిగితే నడవాలో నిలబడ్డవాళ్లు దిగిపోతారు. కూర్చున్నవాళ్లు కదలరు. ఈసీ మీటరు లెక్కపెట్టేది నిలబడ్డవాళ్లనే.

వాళ్లను లేపాలంటే కాల్షియం రావాలి. దానికి రెండు ఆవేశాలు. అంటే రెండు టిక్కెట్లు చేతబట్టుకుని ఎక్కిన మనిషి. ఒక్కో టిక్కెట్టు ఉన్న ఇద్దరిని లేపి తాను కూర్చుంటుంది. ఈ పని ముందే చేయకపోతే తర్వాత కుండీలో జరుగుతుంది, అదీ మొక్క నోటి దగ్గర. మనం ఎరువులో వేసిన కాల్షియాన్ని పొట్టు లాక్కుంటుంది, బదులుగా సోడియాన్ని వేళ్ల మీదికి వదులుతుంది. టమాటా కాయ అడుగు నల్లబడి కుళ్లడానికి కాల్షియం కొరత ఒక కారణం. నీళ్లు ఒకరోజు పోసి ఒకరోజు మానేస్తే ఆ జబ్బు ఇంకా తొందరగా వస్తుంది.

ఎంత కాల్షియం కావాలో ఉజ్జాయింపుగా లెక్క కట్టవచ్చు. వంద గ్రాముల పొడి పొట్టుకు సుమారు 60 మిల్లీ ఈక్వివలెంట్ల సీట్లు అనుకుందాం; రకాన్ని బట్టి ఇది బాగా మారుతుంది. 650 గ్రాముల ఇటుకకు 390. అందులో సగం పొటాషియం, సోడియం ఆక్రమించాయనుకుంటే 195 సీట్లు ఖాళీ చేయించాలి. ఎరువుల దుకాణంలో దొరికే కాల్షియం నైట్రేట్ గ్రాముకు తొమ్మిదికి పైగా మిల్లీ ఈక్వివలెంట్లు ఇస్తుంది. ఇరవై గ్రాములు చాలని లెక్క తేలుతుంది. అయితే లేవమనగానే అందరూ లేవరు కదా, అందుకని రెట్టింపు, అంటే నలభై గ్రాములు, పది లీటర్ల నీళ్లలో కరిగించి కడిగిన పొట్టును ఒక రాత్రంతా అందులో ఉంచి, పొద్దున్నే పిండేసి, ఒకసారి మంచినీళ్లతో తొలిచి వాడుకోవచ్చు. ఆ పిండిన నీళ్లు ముదురు గోధుమ రంగులో వస్తాయి. వాటిలో పొటాషియం, నైట్రేట్ ఉంటాయి. సోడియమూ ఉంటుంది కాబట్టి కుండీలకు వద్దు గానీ, ఇంటి ముందు వేప చెట్టు మొదట్లో పోస్తే దానికి లెక్కలేదు.

కాల్షియం నైట్రేట్ దొరకనివాళ్లకు జిప్సం ఉంది. ఇది మన రైతుకు తెలిసిన వైద్యమే. చౌడు నేలను బాగుచేయడానికి జిప్సం వేసి నీళ్లు కట్టి మురుగు తీసేయడం వెనక ఉన్న రసాయనశాస్త్రం అక్షరాలా ఇదే: మట్టి రేణువు మీద కూర్చున్న సోడియాన్ని కాల్షియం లేపుతుంది, నీళ్లు దాన్ని బయటికి మోసుకుపోతాయి. జిప్సం లీటరు నీటికి రెండు గ్రాముల పైచిలుకే కరుగుతుంది. పది లీటర్లకు ఓ ఇరవై అయిదు గ్రాములు వేసి మధ్యమధ్య కలుపుతూ ఒకటి రెండు రోజులు ఓపిక పట్టాలి. సున్నానికీ దీనికీ తేడా ఏమిటంటే, సున్నంలోని కాల్షియం వెంట పీహెచ్ పెంచే కార్బొనేట్ వస్తుంది, జిప్సంలోని కాల్షియం వెంట సల్ఫేట్ వస్తుంది. సల్ఫేట్ పీహెచ్ జోలికి పోదు.

ఇక్కడ కొత్తవాళ్లను కంగారు పెట్టే చిన్న సంగతి ఒకటుంది. కాల్షియం పోసిన అరగంటకు మీటరు పెట్టి చూస్తే పీహెచ్ అంతకుముందు కంటే అర పాయింటు తగ్గి కనిపించవచ్చు. ఏమీ పాడవలేదు. ఆ సీట్లలో కొన్నింట్లో హైడ్రోజన్ అయాన్లు కూడా కూర్చుని ఉంటాయి. కాల్షియం వచ్చి వాటిలో కొన్నింటిని లేపింది. అవి నీళ్లలోకి దిగాయి కాబట్టి పులుపు పెరిగింది. నీళ్లు మార్చాక సర్దుకుంటుంది. దీన్ని చూసి సున్నం డబ్బా దగ్గరికి పరుగెత్తకూడదు.

ఇటుక కవరు మీద "బఫర్డ్" అని ఉంటే ఈ కాల్షియం పని మిల్లులోనే అయిందని అర్థం. రసాయనశాస్త్రంలో బఫర్ అంటే పీహెచ్‌ను కదలనివ్వని ద్రావణం. మీటరును సరిచూసుకోవడానికి వచ్చే 4, 7 అంకెల పొట్లాలూ బఫర్లే. ఒక పేరు, రెండు అర్థాలు. బఫర్ చేసిన పొట్టు కొన్నాను కాబట్టి ఇక పీహెచ్ మారదనుకుంటే పొరపాటే.

ఇక రెండో ముద్దాయి, నీళ్లు. వాటి సంగతి తెలియాలంటే ముందు పీహెచ్ అంటే ఏమిటో చూడాలి.

పీహెచ్ అనే కొలతను 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్ సోరెన్‌సన్ కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ప్రతిపాదించాడు. బీరు కంపెనీ పెట్టిన ప్రయోగశాల అది. నీళ్లలో హైడ్రోజన్ అయాన్లు ఎంత పలచగా ఉన్నాయో సున్నాలు లెక్కపెట్టి చెప్పే అంకె పీహెచ్. మన వ్యవసాయశాఖ కరపత్రాల్లో ఉదజని సూచిక అంటారు. అంకె ఒకటి పెరిగితే పులుపు పదో వంతుకు పడిపోతుంది. ఇనుము విషయంలో దెబ్బ ఇంకా గట్టిది: పీహెచ్ ఒకటి పెరిగితే నీళ్లలో కరిగి ఉండే ఫెర్రిక్ ఇనుము దాదాపు వెయ్యో వంతుకు తగ్గుతుంది. నా టమాటా కుండీలో ఇనుము లేక కాదు, ఉన్న ఇనుము తుప్పై కూర్చుంది.

మా బోరు నీళ్లను అప్పుడే పట్టి కొలిస్తే పీహెచ్ 7.3. మరీ ఎక్కువేం కాదు. అదే నీటిని గిన్నెలో పోసి రాత్రంతా మూత లేకుండా ఉంచితే పొద్దున 8.1. భూమి లోపల నీటిలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోవడంతో పులుపు తగ్గింది. కానీ ఈ రెండు అంకెలూ అసలు విషయం చెప్పవు. మరుగుతున్న నీళ్లు ఒక గ్లాసెడు, గోరువెచ్చని నీళ్లు ఒక గంగాళమెడు పక్కపక్కన పెడితే ఉష్ణోగ్రత గ్లాసులో ఎక్కువ, వేడి గంగాళంలో ఎక్కువ. మంచుగడ్డల్ని ఏది ఎక్కువ కరిగిస్తుందో చెప్పడానికి థర్మామీటరు ఒక్కటే చాలదు. పీహెచ్ ఆ థర్మామీటరు లాంటిది. గంగాళంలో వేడి ఎంతుందో చెప్పే కొలత వేరే ఉంది, దాని పేరు క్షారత. నీళ్లలో ఉన్న బైకార్బొనేట్ మొత్తం అన్నమాట. పులుపు పోస్తుంటే ఆ నీళ్లు ఎంతసేపు లొంగకుండా మొండికేస్తాయో అదే క్షారత.

ఈ మొండితనాన్ని ఇంట్లోనే చూడొచ్చు. మా మెట్ల పక్క తీగ నుంచి శంఖుపూలు పది కోసి, వేడినీళ్లలో వేస్తే నీలి సిరాలాంటి కషాయం వస్తుంది. పసుపు పనికిరాదు, అది సున్నం కలిపితే ఎర్రబడి పారాణి అవుతుంది గానీ మనక్కావలసిన మేరలో రంగు మారదు. శంఖుపూల నీలం పీహెచ్ నాలుగు దగ్గరపడేదాకా నీలంగానే ఉండి, అక్కడ ఊదారంగుకు తిరుగుతుంది. మూడు గాజు గ్లాసుల్లో వంద మిల్లీలీటర్ల చొప్పున ఆర్వో నీళ్లు, నల్లా నీళ్లు, బోరు నీళ్లు పోసి, ఒక్కో దాంట్లో చెంచాడు కషాయం కలిపాను. మందు సీసా డ్రాపర్లో వడకట్టిన నిమ్మరసం. ఆర్వో గ్లాసు మూడు చుక్కలకే ఊదారంగయింది. నల్లా నీళ్లకు పద్దెనిమిది. బోరు గ్లాసులో ఒక్కో చుక్క పడ్డప్పుడల్లా అక్కడక్కడ ఊదా మెరుపు మెరిసి, గరిటె తిప్పగానే మళ్లీ నీలంలోకి మునిగిపోయింది. ఇరవై, ముప్పై దాటింది. సన్నటి బుడగలు గ్లాసు గోడలకు అంటుకున్నాయి. బైకార్బొనేట్ విరిగి పోతున్న గుర్తు. చివరికి నలభై మూడో చుక్కకు రంగు నిలిచింది.

(మొట్టమొదటి నమ్మకమైన పీహెచ్ మీటర్లలో ఒకటి పుట్టిందీ నిమ్మరసం కోసమే. 1934లో కాలిఫోర్నియా నిమ్మ, నారింజ రైతుల సంఘంలో పనిచేసే ఒక రసాయనవేత్త రసం పులుపు కొలవడానికి సాధనం కావాలని అడిగితే ఆర్నాల్డ్ బెక్‌మన్ దాన్ని తయారుచేశాడు.)

నలభై మూడు చుక్కలంటే, నిమ్మరసం పులుపును బట్టి లెక్కిస్తే, లీటరుకు సుమారు 300 మిల్లీగ్రాముల సుద్దకు సమానమైన క్షారత. తాగడానికి ఇబ్బంది లేదు. తాగునీటి భారతీయ ప్రమాణం 200 దాకా కోరదగినదని, వేరే ఆధారం లేనప్పుడు 600 దాకా పర్వాలేదని అంటుంది. కుండీకి మాత్రం వందా నూటయాభై దాటితే కష్టం మొదలవుతుంది. రోజుకో లీటరు చొప్పున రెండు నెలలు పోస్తే 60 లీటర్లు. 60 సార్లు 300 మిల్లీగ్రాములంటే 18 గ్రాముల సుద్దపొడి. కొంత కింది రంధ్రాల్లోంచి కారిపోతుందనుకున్నా, నేను కలిపిన సున్నం తరవాత కూడా రోజూ చిటికెడు చొప్పున సున్నం వేస్తూ పోయాననే లెక్క. పొలంలో అయితే మట్టి మోతాదు ఎక్కువ, వాన వచ్చి కడుగుతుంది. ఎనిమిది లీటర్ల పొట్టులో ఎక్కడ దాక్కుంటుంది?

ఈ బోరు నీళ్లకో మంచి గుణమూ లేకపోలేదు. గీజరులో తెల్లటి పొర కట్టే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం బాగా ఉంటాయి. ఆ నీళ్లతో పొట్టు కడిగితే సీట్లు ఖాళీ చేయించే పని కొంత ఉచితంగా జరుగుతుంది. సబ్బు నురగ బాగా వచ్చి, నాలుకకు మాత్రం చప్పగా జారుడుగా ఉండే బోర్లు కొన్ని ఉంటాయి. వాటిలో బైకార్బొనేట్‌కు తోడు సోడియం. అవి రెండు విధాలా చెరుపు.

మొండితనాన్ని విరగ్గొట్టాలంటే నీళ్లకే పులుపు కలపాలి, పొట్టుకు కాదు. పాలీహౌసుల్లో నైట్రిక్ ఆమ్లమో ఫాస్ఫారిక్ ఆమ్లమో కొలిచి డ్రిప్పులో పంపుతారు. ఇంట్లో వాటి జోలికి పోకూడదని నా గట్టి అభిప్రాయం; కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, చాలు. నా బోరు నీళ్లకు లీటరుకు అర గ్రాము, పదిహేను లీటర్ల బకెట్‌కు ఏడున్నర గ్రాములు, అంటే చెంచాన్నర. కలిపి పీహెచ్ ఆరు దగ్గర నిలిచిందా చూసుకుని పోయాలి. మూడు వంతుల బైకార్బొనేట్ విరిగితే చాలు, మొత్తం విరగ్గొట్టనక్కర్లేదు. ఒక తిరకాసు ఉంది. సిట్రిక్ ఆమ్లాన్ని సూక్ష్మజీవులు ఇష్టంగా తింటాయి. తిన్నాక మిగిలేది మళ్లీ బైకార్బొనేటే. అందుకే బకెట్లో కలిపి రెండు రోజులు నిల్వ ఉంచిన నీళ్ల పీహెచ్ మళ్లీ పైకి ఎగబాకుతుంది, కుండీలోనూ ప్రభావం ఎక్కువ రోజులు నిలవదు. పుల్లమజ్జిగ, చింతపండు పులుసు పోసి ఫలితం చూశామనేవాళ్ల అనుభవం అబద్ధం కాదు. వాటి పులుపు కూడా ఇలాగే తాత్కాలికం.

నిలకడగా పులుపు పుట్టించే మార్గం మొక్క వేళ్లలోనే ఉంది. అమ్మోనియం రూపంలో నత్రజని పీల్చుకున్నప్పుడు వేరు హైడ్రోజన్ అయాన్లను బయటికి వదులుతుంది. నైట్రేట్ పీల్చుకున్నప్పుడు అందుకు విరుద్ధం. కాబట్టి ఎప్పుడూ నైట్రేటే ఇచ్చే కుండీలో పీహెచ్ పెరుగుతుంది, మధ్యమధ్య చిటికెడు అమ్మోనియం సల్ఫేట్ ఇస్తే దిగుతుంది. చిటికెడంటే చిటికెడే, ఎక్కువైతే లేత వేళ్లు మాడతాయి.

మిద్దె తోటల్లో కనిపించే రెండు అలవాట్ల గురించి చెప్పాలి. కట్టెల బూడిద చల్లడం ఒకటి. బూడిదంటే పొటాషియం, కార్బొనేట్. కొబ్బరి పొట్టులో ఇప్పటికే ఎక్కువున్న ఒకదాన్నీ, బోరు నీళ్లు ఇప్పటికే తెచ్చిన మరోదాన్నీ మళ్లీ తెచ్చి పోస్తున్నామన్నమాట. ఎర్రమట్టి పెరట్లో పనికొచ్చిన బూడిద ఇక్కడ పనికిరాదు. రెండోది కోడిగుడ్డు పెంకులు. పులుపు లేని పొట్టులో అవి కరగవు, చెడూ చేయవు, మంచీ చేయవు.

పసుపు ఆకులకు ఇనుము పోయదలచుకుంటే కవరు మీద, ఇనుమును పట్టి ఉంచే పదార్థం పేరు చెప్పే అక్షరాలు చూసుకోవాలి. ఈడీటీఏ రకం పీహెచ్ ఆరున్నర దాటితే ఇనుమును వదిలేస్తుంది. డీటీపీఏ ఏడున్నర దాకా పట్టుకుంటుంది. ఎర్రటి ఈడీడీహెచ్ఏ ఇంకా పైదాకా. ధర కూడా అదే వరసలో పెరుగుతుంది.

అన్నిటికంటే ముందు సరిగా కొలవాలి. పొట్టులో మీటరు గుచ్చితే వచ్చే అంకెను నమ్మలేం. మామూలుగా నీళ్లు పోసి గంట ఆగి, కుండీ కింద పళ్లెం పెట్టి, పైన మెల్లగా ఆర్వో నీళ్లు కొన్ని పోస్తే అప్పటిదాకా వేళ్ల చుట్టూ ఉన్న నీళ్లు కిందికి తోసుకొస్తాయి. మొదట కారిన ఓ యాభై మిల్లీలీటర్లు పట్టి కొలవాలి. మీటరు గాజు బుగ్గ ఎండిపోతే అబద్ధాలాడుతుంది. దాన్ని తడిగా ఉంచి, వారానికోసారి 4, 7 పొట్లాలతో సరిచూసుకుంటే ఓ అయిదొందల రూపాయల కలం మీటరు కూడా మర్యాదగానే పనిచేస్తుంది.

నా టమాటా మొక్కకు నిమ్మ ఉప్పు నీళ్లు మొదలుపెట్టిన మూడో వారానికి కొసన వచ్చిన ఆకు పచ్చగా వచ్చింది. పాత పసుపు ఆకులు అలాగే ఉండిపోయాయి. పళ్లెంలో కారిన నీళ్లు 6.7 చూపాయి. జులైలో వానలు పట్టాక డాబా గొట్టం కింద డ్రమ్ము పెట్టి, ఆ నీళ్లకూ శంఖుపూల పరీక్ష చేశాను. నాలుగో చుక్కకు గ్లాసంతా ఊదారంగయింది. ఆ డ్రమ్ము నిండినన్నాళ్లు నిమ్మ ఉప్పు డబ్బా మూత తీయలేదు.